మూడేళ్లు, ఒక ఆంప్, ఒక ఈల

మూడేళ్ల కిందట మా డీజిల్ హ్యాచ్‌బ్యాక్‌లో కారుతో వచ్చిన స్టీరియో పీకించి, 9 అంగుళాల ఆండ్రాయిడ్ స్టీరియో, డిక్కీలో 4 ఛానళ్ల ఆంప్ (ఆంప్లిఫయర్), 10 అంగుళాల వూఫర్ పెట్టించాను. మొత్తం 40 వేల పైమాటే. పాట బాగా పలుకుతుందా అంటే పలుకుతుంది, ఆ విషయంలో వంక పెట్టను. చెప్పాల్సిందల్లా ఈల గురించే.

షాపులో ఇంజిన్ ఆపి వినిపించారు. అక్కడ అంతా బాగుంది. ఇంటికి వస్తుంటే, ఒక పాట అయిపోయి ఇంకోటి మొదలయ్యే ఆ రెండు సెకన్లలో సన్నగా కుయ్‌మని మొదలైంది. యాక్సిలరేటర్ తొక్కితే శ్రుతి పైకి, వదిలితే కిందికి. ఆ వారమే విజయవాడ ప్రయాణం. చౌటుప్పల్ దాటేసరికి మా ఆవిడ, "పాటలు తర్వాత విందాం గానీ, ముందు ఆ దోమను కొట్టండి" అంది.

షాపుకి తీసుకెళ్తే "కొత్తది కదా సార్, నాలుగు రోజులు వాడితే సర్దుకుంటుంది" అన్నారు. సర్దుకోలేదు. రెండోసారి వెళ్తే 450 రూపాయలు తీసుకుని, గ్రౌండ్ లూప్ ఐసోలేటర్ అని అగ్గిపెట్టెంత డబ్బా ఒకటి, స్టీరియో నుంచి ఆంప్‌కి పాటను మోసే ఆర్‌సీఏ వైర్ల మధ్య తగిలించారు. ఈల మాయం! కాకపోతే ఓ రోజు డప్పుల పాట పెడితే వూఫర్‌లో దమ్ము లేదు. ఆ డబ్బాలో ఉండేవి రెండు బుల్లి ట్రాన్స్‌ఫార్మర్లు. చవక రకం అయితే బేస్‌లో అడుగు భాగం వాటిని దాటి రాదు. తెలిసి కూడా బద్ధకించి ఏడాదిన్నర అలాగే తిరిగాను.

చివరికి ఒక ఆదివారం మల్టీమీటర్ పట్టుకుని కూర్చున్నాను. ఐసోలేటర్ తీసేసి, ఇంజిన్ నడుస్తుండగా ఆంప్ దగ్గర ఆర్‌సీఏ వైర్లు కూడా పీకేశాను. నిశ్శబ్దం. అంటే ఆంప్‌లోనూ, స్పీకర్ వైర్లలోనూ దోషం లేదు. ఈల ఆర్‌సీఏ వైర్ల గుండానే వస్తోంది. వైర్లు మళ్లీ పెట్టి, పాట గట్టిగా మోగిస్తూ, బ్యాటరీ మైనస్‌కీ ఆంప్ ఎర్త్ స్క్రూకీ (ఆంప్ కరెంటు కారు బాడీ మీదుగా బ్యాటరీకి తిరిగి పోయే దారి మొదలు) మధ్య వోల్టేజ్ చూశాను. 0.1 వోల్ట్ లోపు ఉండాల్సింది 0.6 చూపించింది.

డిక్కీ మ్యాట్ ఎత్తి ఆ ఎర్త్ వైరు వెంట పోతే, ఐదడుగుల వైరు చుట్టలు చుట్టుకుని వెళ్లి వెనక సీటు బెల్టు బోల్టు కింద దూరింది. బోల్టు విప్పి చూద్దును కదా, కింద తెల్ల పెయింట్ షోరూమ్‌లో ఉన్నట్టే మెరుస్తోంది. వాషర్ అంచు గీరుకున్న చోట మాత్రం గోటి మొనంత ఇనుము కనిపించింది. ఆంప్ కరెంటంతా ఆ గీత మీదుగానే బాడీలోకి పోతోందన్నమాట. ఆల్టర్నేటర్ కరెంటు డయోడ్ల గుండా వచ్చినా దానిలో కొంత వణుకు మిగిలే ఉంటుంది. స్టీరియో ఎర్త్‌కీ ఆంప్ ఎర్త్‌కీ తేడా ఉంటే, ఆ వణుకు ఆర్‌సీఏ వైరు తొడుగు గుండా నడిచి పాటలో కలుస్తుంది. ఇంజిన్ తిరిగే వేగాన్ని బట్టి ఈల శ్రుతి మారేది అందుకే.

బ్యాటరీ మైనస్ ఊడదీసి పని మొదలుపెట్టాను. సీటు బెల్టు బోల్టు ప్రాణాలకు సంబంధించింది, దాన్ని మళ్లీ గట్టిగా బిగించి వదిలేశాను. వైరు అడుగున్నరకి కోసి, పక్కనే బాడీ మీద రూపాయి బిళ్లంత మేర ఎమరీ కాగితంతో ఇనుము తెల్లగా తేలేదాకా రుద్ది, రింగు టెర్మినల్ వేసి బిగించి, పైన గ్రీజు పూశాను. మీటర్‌లో 0.05. ఈల ముప్పాతిక వంతు పోయింది.

మిగతా పావు వంతు డ్రైవర్ వైపు కార్పెట్ కింద దొరికింది. బ్యాటరీ నుంచి వచ్చే లావు ఎర్ర వైరుకి ఆర్‌సీఏ వైర్లను టై వేసి కట్టేశారు, పెళ్లిలో కొంగుముడి వేసినట్టు! ఆర్‌సీఏని అవతలి వైపుకి మార్చాను. ఆంప్ గెయిన్ (వచ్చిన సిగ్నల్‌ని ఎంత పెంచాలో పెట్టుకునే మీట) తగ్గించి స్టీరియో వాల్యూమ్ పెంచుకున్నాను. ఇప్పుడు పాట ఆపి చెవి స్పీకర్‌కి ఆనిస్తే గానీ ఏమీ వినబడదు. బేస్ కూడా తిరిగొచ్చింది.

ఎఫ్‌ఎం గరగర వేరే కథ. 101.9 రెయిన్‌బో పెడితే ఇసుక పోసినట్టు ఉండేది. డ్యాష్‌కామ్ ఛార్జర్ పీకగానే శుభ్రంగా పలికింది. ఛార్జర్ మార్చి, దాని వైరును యాంటెనా వైరుకి దూరంగా జరిపాను. చాలావరకు తగ్గింది, పూర్తిగా పోలేదు.

ఆంప్, వూఫర్ మళ్లీ కొనమన్నా అవే కొంటాను. స్టీరియో బాగానే ఉంది గానీ స్టార్ట్ కావడానికి అర నిమిషం తింటుంది. ఐసోలేటర్ మాత్రం వూఫర్ ఉన్నవాళ్లు కొనొద్దు. ఛార్జింగ్‌లో ఉన్న ఫోన్‌ని వైరుతో స్టీరియో ఆక్స్ సాకెట్‌లో పెడితే వచ్చే ఈలకైతే పనికొస్తుంది, నాది ఇప్పుడు ఆ పనిలోనే ఉంది.

పోయిన వానాకాలం ఈల సన్నగా మళ్లీ పలకరించింది. విప్పితే ఎర్త్ రింగు చుట్టూ తుప్పు. పది నిమిషాల్లో రుద్ది బిగించాను. అప్పటి నుంచి స్టెప్నీ పక్కన ఒక ఎమరీ కాగితం ముక్క ఉంచుతున్నాను. మా ఆవిడ దాన్ని చెత్త అనుకుని ఇప్పటికి రెండుసార్లు పారేసింది.