లాసిక్, పీఆర్‌కే, స్మైల్: సైటు తీయించుకోవడానికి ఏది మేలు?

మూడూ చేసే పని ఒకటే. కంటి ముందుండే కార్నియాను లేజర్‌తో కొంత పలచన చేసి, దాని వంపు మారుస్తాయి. లోపలికి వెళ్లే దారిలోనే తేడా ఉంది.

లాసిక్‌లో పైన పల్చటి ఫ్లాప్ కోసి, మూతలా పక్కకు తెరిచి, లోపల చెక్కి మళ్లీ కప్పేస్తారు. చాలామందికి మర్నాటికే చూపు తేటపడుతుంది. పీఆర్‌కేలో ఫ్లాప్ ఉండదు. పైపొరను తొలగించి నేరుగా చెక్కుతారు. ఆ పొర మళ్లీ పెరిగేదాకా మూడు నాలుగు రోజులు మంట, నీరు కారడం తప్పవు. చూపు కుదురుకోవడానికి వారాలు పడుతుంది. స్మైల్‌లో లేజర్ కార్నియా లోపలే సన్నటి బిళ్లను వేరు చేస్తుంది. సర్జన్ 2 నుంచి 4 మిల్లీమీటర్ల గాటులోంచి దాన్ని బయటికి లాగేస్తారు.

'లేటెస్ట్ ఏది?' అని అడిగేవాళ్లే ఎక్కువ. నన్నడిగితే ముందు తేల్చుకోవాల్సింది కార్నియా మందం. లెక్క వేసి చూడండి. పవర్ మైనస్ 6, కార్నియా 540 మైక్రాన్లు (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు) అనుకుందాం. ఒక్కో పవర్‌కు సుమారు 14 చొప్పున 84 పోతాయి, లాసిక్ ఫ్లాప్‌కు మరో 110. అడుగున 346 మిగులుతుంది, ఇబ్బంది లేదు. అదే 480 మైక్రాన్ల కార్నియా అయితే మిగిలేది 286. కనీసం 250 ఉండాలన్నది పాత హద్దు. ఇప్పుడు చాలామంది సర్జన్లు 300 వదలాలంటారు. ఆ కంటికే పీఆర్‌కే చేస్తే పైపొర 50, చెక్కేది 84 తీసేసినా 346 ఉంటుంది. నొప్పి ఉంటుందని పీఆర్‌కేను కొట్టిపారేయకూడదనేది అందుకే. మరీ పలచబడ్డ కార్నియా తర్వాత్తర్వాత ముందుకు ఉబ్బి, చూపునే దెబ్బతీయొచ్చు.

కబడ్డీ, బాక్సింగ్ ఆడేవాళ్లకు, దెబ్బలు తగిలే పనుల్లో ఉన్నవాళ్లకు లాసిక్ వద్దనే చెబుతాను. గట్టి దెబ్బకు ఫ్లాప్ జరిగే ప్రమాదం ఏళ్ల తర్వాత కూడా ఉంటుంది. రోజంతా కంప్యూటర్ ముందుండి, ఇప్పటికే కళ్లు పొడిబారే వాళ్లకైతే స్మైల్ కాస్త నయం. అందులో కార్నియా నరాలు తక్కువ తెగుతాయి. పవర్ మైనస్ 9, 10 దాటితే ఈ మూడింటికన్నా కంటి లోపల లెన్స్ అమర్చే ఐసీఎల్ గురించి అడగడం మంచిది.

పెళ్లి నెల రోజులుందనగా అమ్మాయిని ఆపరేషన్‌కు తొందరపెట్టే ఇళ్లను చూస్తే నాకు భయమేస్తుంది. పవర్ ఏడాదిగా మారకుండా ఉండాలి. కాంటాక్ట్ లెన్సులు వాడుతుంటే డాక్టర్ చెప్పినన్ని రోజులు ఆపి, అప్పుడే కార్నియా స్కాన్‌కు వెళ్లాలి. స్కాన్‌లో కెరటోకోనస్ (కార్నియా పలచబడి ముందుకు ఉబ్బే జబ్బు) ఛాయ కనబడితే మూడూ వద్దు. అలర్జీతో ఎప్పుడూ కళ్లు నులుముకునే పిల్లల విషయంలో ఈ పరీక్ష మరీ ముఖ్యం.

ఏది చేయించుకున్నా నలభై దాటాక చత్వారం వస్తుంది, చదవడానికి అద్దాలు కావాల్సిందే. ఆపరేషన్‌కు ముందటి పవర్, స్కాన్ కాగితాలు పారేయకండి. రేపెప్పుడైనా శుక్లం తీయించుకునేటప్పుడు లోపల పెట్టే లెన్స్ పవర్ లెక్కకు అవి అక్కరకొస్తాయి.