జాగ్రత్త: “వాటర్‌ప్రూఫ్” అన్న ఒక్క మాట నమ్మి మెటల్ డిటెక్టర్ కొనకండి

అందరికీ నమస్కారం. ఫ్లోరిడాలో ఉంటున్న మనవాళ్ళకి, సముద్రంలో మోకాలిలోతు, నడుములోతు నీళ్ళలో వెతకడానికి మెటల్ డిటెక్టర్ కొనాలని చూస్తున్నవాళ్ళు ఎక్కడున్నా సరే వాళ్ళకి, ఇది చెప్పి తీరాలని రాస్తున్నాను. నాకు 389 డాలర్లు పోయాయి. అంతకంటే పెద్ద నష్టం ఏమిటంటే, వెతకాల్సిన అదునులో 19 రోజులు పోయాయి.

జూన్ మొదటివారంలో అన్నయ్యా వదినా రాజమండ్రి నుంచి వచ్చారు. ఆదివారం పొద్దున్నే అందరం టాంపా నుంచి క్లియర్‌వాటర్ వైపు బీచికి వెళ్ళాం. నడుములోతులో నిలబడి ఉన్న వదినకి పక్కనుంచి అల తగిలి పడిపోయింది. లేచి మెడ తడుముకునేసరికి పుస్తెలతాడు లేదు. కొక్కెం ఊడిపోయినట్టుంది. అత్తింటివాళ్ళు పెట్టిన పుస్తె ఒకటి, పుట్టింటివాళ్ళు పెట్టింది ఒకటి, 26 ఏళ్ళుగా మెడలో ఉన్నవి. గంటన్నర సేపు అందరం కాళ్ళతో ఇసుక తడిమాం. ఇంటికొచ్చాక ఆవిడ ఇండియన్ స్టోర్‌లో కొన్న పసుపుకొమ్ము దారానికి కట్టుకుని మెడలో వేసుకుంది. ఒక్క మాట మాట్లాడలేదు. ఆ రాత్రే ఆన్‌లైన్లో డిటెక్టర్‌కి ఆర్డర్ పెట్టాను.

ఆ తొందరే నన్ను ముంచింది. అమ్మేవాడి పేజీలో ఉన్నది ఇది: కొత్తది, పూర్తిగా వాటర్‌ప్రూఫ్, సముద్రంలో వాడొచ్చు, బీచ్ మోడ్ ఉంది, రెండేళ్ళ వారంటీ. పేరున్న కంపెనీ మెషినే. కానీ అమ్మేది ఆ కంపెనీ కాదు, దాని డీలరూ కాదు, ఎవరో మూడో మనిషి. మిగతా చోట్లకంటే 90 డాలర్లు తక్కువ. ఎందుకు తక్కువ అని నేను అడగలేదు.

బుధవారం వచ్చింది. సాయంత్రమే పట్టుకెళ్ళాను. పొడి ఇసుకమీద బాగానే పనిచేసింది. మా ఆవిడ ఉంగరం పడేసి చూశాను, పట్టింది. తడి ఇసుక మీదకి రాగానే మొదలైంది గోల. చీలమండలోతు నీళ్ళలో అయితే ఆగకుండా అరుస్తూనే ఉంది, కింద ఏమీ లేకపోయినా. సెన్సిటివిటీ తగ్గిస్తే అరుపు ఆగింది, కానీ అప్పుడు ఉంగరాన్ని కూడా పట్టలేదు.

ఇది మెషిన్ పాడవడం కాదని తరవాత తెలిసింది. ఉప్పునీటిలో విద్యుత్తు పారుతుంది. అందుకని డిటెక్టర్‌కి సముద్రం మొత్తం ఒక పెద్ద లోహంలా వినిపిస్తుంది. వీఎల్‌ఎఫ్ అనే రకంలో ఒకే ఫ్రీక్వెన్సీ మీద నడిచే మెషిన్లు చెరువుల్లో, నదుల్లో, మంచినీళ్ళలో చక్కగా పనిచేస్తాయి. ఉప్పునీళ్ళలో తడబడతాయి. బీచ్ మోడ్ అన్నది చాలావాటిలో ఆ అరుపుని కొంత అణచడమే, దాంతోపాటు పట్టే శక్తీ తగ్గుతుంది. సముద్రంలోకి దిగేవాళ్ళు వాడేవి రెండు రకాలు. ఒకేసారి చాలా ఫ్రీక్వెన్సీలు పంపి ఉప్పు ప్రభావాన్ని విడదీసేవి ఒకటి. పల్స్ ఇండక్షన్, అంటే పీఐ, రెండోది. పీఐ ఉప్పుని పెద్దగా పట్టించుకోదు, లోతుకి కూడా పోతుంది. అయితే ఇనుమేదో బంగారమేదో సరిగ్గా చెప్పలేదు, ప్రతి మేకూ తలపిన్నూ తవ్వి తీయాల్సిందే. నేను కొన్నది ఒకే ఫ్రీక్వెన్సీది. నీళ్ళు లోపలికి వెళ్ళకపోవడం వేరు, ఉప్పునీళ్ళలో పనిచేయడం వేరు. అమ్మేవాడు ఈ రెండింటినీ ఒకే మాటలో కలిపేశాడు.

శనివారం మళ్ళీ వెళ్ళాను, సెట్టింగులు మార్చి. తొడలోతు నీళ్ళలో 40 నిమిషాలు. స్క్రీన్ లోపల ఆవిరి పట్టినట్టు కనిపించింది. బయటికి తెచ్చేలోపే అంకెలు చెదిరిపోయి ఆరిపోయింది. బ్యాటరీ మూత తీస్తే చెంచాడు నీళ్ళు కారాయి.

ఆ మూత చుట్టూ ఉండే రబ్బరు ఓ-రింగుని ఫోన్ లైటులో చూశాను. ఒకచోట కోసుకుపోయి ఉంది. అది కూర్చునే గాడిలో ఎండిపోయిన ఇసుక ఉంది, నల్లటి రేణువులతో. మా వైపు గల్ఫ్ బీచిల్లో ఇసుక చక్కెరలా తెల్లగా ఉంటుంది. అంటే ఇది ఇంకెక్కడో ఎవరో వాడిన మెషిన్. కంపెనీకి సీరియల్ నంబరు పంపితే, అది రెండేళ్ళ కిందటే వేరే కొనుగోలుదారు పేరున రిజిస్టర్ అయిందని, తమ డీలర్ల దగ్గర కొన్నదానికే వారంటీ వర్తిస్తుందని జవాబొచ్చింది. అమ్మినవాడికి ఫొటోలన్నీ పంపాను. “నీళ్ళు చేరిన వస్తువుని వెనక్కి తీసుకోం” అన్నాడు. నీళ్ళలో వాడొచ్చని చెప్పి అమ్మిన వస్తువుకి ఈ మాట చెబుతుంటే నాకు చాలా బాధేసింది.

నా వైపు తప్పు కూడా ఒకటుంది, అది దాస్తే మీకు సగమే చెప్పినట్టవుతుంది. శనివారం ఆ మెషిన్ మధ్యాహ్నం దాకా కారు డిక్కీలో ఉంది. జూన్ ఎండలో డిక్కీ ఎంత వేడెక్కుతుందో ఇక్కడివాళ్ళకి చెప్పక్కర్లేదు. వేడెక్కిన పెట్టెని తిన్నగా నీళ్ళలో పెడితే లోపలి గాలి ఒక్కసారిగా చల్లబడి కుంచించుకుపోతుంది, సీలు ఏమాత్రం బలహీనంగా ఉన్నా బయటి నీటిని లోపలికి లాగేస్తుంది. సీలు బాగుంటే బహుశా తట్టుకునేది. కానీ అలవాటు మాత్రం చెడ్డదే. నీళ్ళలో దిగేముందు కాసేపు నీడలో పెట్టి చల్లారనివ్వండి.

ఇప్పుడు కొనేవాళ్ళు ఏం చూడాలో చెబుతాను. “వాటర్‌ప్రూఫ్” అని ఉంటే మొదటి ప్రశ్న: ఏ భాగం? చాలా చవక మెషిన్లలో కింద ఉండే గుండ్రటి కాయిల్ ఒక్కటే నీళ్ళకి ఆగుతుంది. చేతి దగ్గర ఉండే కంట్రోల్ బాక్సు వానకి కూడా ఆగదు. ఆ పేజీలో చిన్న అక్షరాల్లో “వాటర్‌ప్రూఫ్ కాయిల్” అని ఉంటుంది, పైన పెద్ద బొమ్మలో మనిషి నీళ్ళలో నిలబడి ఉంటాడు. రెండో ప్రశ్న: ఎంత లోతు? నీళ్ళకి ఎంతవరకు ఆగుతుందో చెప్పే గుర్తు ఐపీ నంబరు. ఐపీ67 అంటే ఒక మీటరు లోతులో అరగంట. ఐపీ68 అంటే ఇంకా ఎక్కువ, కానీ ఎంతో కంపెనీయే చెప్పాలి. కొన్నిటికి 3 మీటర్లు, కొన్నిటికి 5, సముద్రం అడుగున ఈదేవాళ్ళ కోసం చేసినవాటికి 60 మీటర్ల దాకా ఉంటుంది. ఈ పరీక్షలు కదలని మంచినీళ్ళలో చేసినవి. అలల తాకిడి, ఉప్పు, ఇసుక వాటిలో ఉండవు. అంకె చూసి ధైర్యం తెచ్చుకోకుండా, దానికి బాగా తక్కువ లోతులో వాడుకోండి. బ్లూటూత్ హెడ్‌ఫోన్స్ ఇచ్చారని కూడా సంతోషపడొద్దు. కంట్రోల్ బాక్సు నీళ్ళలో మునిగిన క్షణం ఆ సిగ్నల్ తెగిపోతుంది. మునిగే పనైతే వైరుతో ఉన్న వాటర్‌ప్రూఫ్ హెడ్‌ఫోన్స్ విడిగా కొనాలి, ఆ ఖర్చు కూడా ముందే లెక్కేసుకోండి.

సీరియల్ నంబరు ఫొటో డబ్బు కట్టకముందే అడగండి, కంపెనీకి పంపి కనుక్కోండి. రెండు ఈమెయిళ్ళ పని. ఇవ్వనంటే వదిలేయండి. బాక్సు వచ్చాక తెరిచేటప్పుడు ఆగకుండా వీడియో తీయండి, ఓ-రింగుని దగ్గరగా చూపించండి. నేను తీయలేదు, ఇప్పుడు కార్డు కంపెనీ అడిగేది అదే. క్రెడిట్ కార్డుమీద కొన్నాను కనక ఫిర్యాదు పెట్టగలిగాను. స్టేట్‌మెంట్ వచ్చిన 60 రోజుల్లోపు రాతపూర్వకంగా పెట్టాలన్నది గుర్తుంచుకోండి. డెబిట్ కార్డు, డబ్బు నేరుగా పంపే యాప్‌లు ఇలాంటి కొనుగోళ్ళకి వద్దు.

మంచి మెషిన్ కొన్నా దాన్ని చూసుకోకపోతే సముద్రం తినేస్తుంది. ప్రతిసారీ నీళ్ళలో దిగేముందు మూతలు తీసి ఓ-రింగు, గాడి శుభ్రమైన మెత్తటి గుడ్డతో తుడవండి. ఒక్క ఇసుకరేణువు, ఒక్క వెంట్రుక చాలు నీళ్ళు రావడానికి. గ్రీజు రాయాలా వద్దా, రాస్తే ఏది అన్నది ఆ మెషిన్ మాన్యువల్లో ఉంటుంది, అదే పాటించండి. ఇంట్లో ఉంది కదా అని వ్యాజ్‌లిన్ రాయకండి, కొన్ని రకాల రబ్బరు దాంతో ఉబ్బిపోతుంది. బయటికి వచ్చాక మూతలన్నీ బిగించే ఉంచి మంచినీళ్ళతో నెమ్మదిగా కడగండి, ప్రెషర్ పైపుతో కాదు. కాయిల్ కింద ఉండే ప్లాస్టిక్ తొడుగు ఊడదీసి కడగాలి. దానికీ కాయిల్‌కీ మధ్య నల్ల ఇసుక చేరితే లేనిపోని శబ్దాలు వస్తాయి. కడ్డీ ముక్కలు విడదీసి లోపలి ఇసుక కడక్కపోతే నెల తిరక్కుండా బిగుసుకుపోతాయి. ఛార్జింగ్ పిన్నుల్లో ఉప్పు తడి ఉండగా ఛార్జింగ్ పెడితే అవి పచ్చబడి తినేసుకుపోతాయి, కడిగి పూర్తిగా ఆరాకే పెట్టండి. మామూలు బ్యాటరీలు వేసేదైతే, వాడనప్పుడు వాటిని తీసేయండి.

నీళ్ళలో తవ్వడానికి పొడుగు కర్రున్న స్టీలు స్కూపు కావాలి, చేత్తో అయ్యే పని కాదు. గల్ఫ్ వైపు ఏప్రిల్ నుంచి అక్టోబర్ దాకా టేకు చేపలు (స్టింగ్‌రేలు, తోకముల్లుతో పొడుస్తాయి) ఇసుకలో దాక్కుని ఉంటాయి. కాలు ఎత్తి వేయకుండా ఈడుస్తూ నడిస్తే అవే తప్పుకుంటాయి.

అనుమతుల సంగతీ చూసుకోండి. కౌంటీ బీచిల్లో చాలాచోట్ల పరవాలేదు గానీ నేషనల్ సీషోర్‌లలో, అంటే కేంద్రప్రభుత్వపు రక్షిత తీరాల్లో, డిటెక్టర్ దగ్గర పెట్టుకోవడమే నేరం. స్టేట్ పార్కుల్లో ముందే అడగాలి. 50 ఏళ్ళు దాటిన పాత వస్తువు ప్రభుత్వపు నీళ్ళలో దొరికితే అది ఫ్లోరిడా రాష్ట్రానిది, మనది కాదు. ఇండియా వెళ్ళేటప్పుడు సూట్‌కేసులో పెట్టుకెళదామనుకునే వాళ్ళకి కూడా ఒక మాట. 2020లో నివర్ తుఫాను తరవాత ఉప్పాడ తీరంలో జనం బంగారు రేణువుల కోసం ఇసుక జల్లించిన వార్త చూసి నన్ను ఇద్దరు ముగ్గురు అడిగారు. ఇండియాలో 1878 నాటి ట్రెజర్ ట్రోవ్ (దొరికిన నిధుల) చట్టం ఇంకా అమల్లో ఉంది. నేలలో దాగి ఉన్న సొత్తు పది రూపాయలకి మించి దొరికితే కలెక్టరుకి తెలియజేయాలి.

ఇక పుస్తెల సంగతి. అమ్మినవాడితో ఉత్తరాలు నడుస్తుండగానే రోజులు గడిచిపోయాయి. బరువైన బంగారం అలల కదలికకి మెత్తటి ఇసుకలోంచి కిందికి దిగుతూ గట్టి పొర తగిలేదాకా పోతుంది. ఉంగరమంత వస్తువుని డిటెక్టర్ మామూలుగా జానెడు, మహా అయితే జానెడున్నర లోతులో పడుతుంది. అందుకే మొదటి రెండు మూడు రోజులు అంత విలువైనవి. మీకు ఎప్పుడైనా ఇలా జరిగితే ఉన్నచోటే ఆగి, ఫోన్లో ఆ చోటు గుర్తుపెట్టుకుని, ఒడ్డున కదలని గుర్తులు రెండు చూసుకోండి. అప్పటికప్పుడు మెషిన్ కొనడం కంటే, ఆ బీచిలో రోజూ వెతికే పెద్దవాళ్ళని అడగడం మేలు. ఆ మాట నాకు తట్టడానికి 19 రోజులు పట్టింది.

మా వీధి చివర ఉండే రిటైరైన ఒక పెద్దాయన దగ్గర పాత పీఐ మెషిన్ ఉంది. ఆటు సమయం చూసి రెండు పొద్దుటిపూటలు మాతో వచ్చారు. పైసా తీసుకోలేదు. గొలుసు మీద ఆశ పెట్టుకోవద్దని ముందే చెప్పారు. సన్నటి గొలుసులో ఒక్కో లింకూ మెషిన్‌కి విడివిడిగా, చాలా చిన్నదిగా కనిపిస్తుందట. పుస్తె బిళ్ళలా ఉంటుంది కనక ఆశంతా దానిమీదే. తలపిన్నులు, మేకులు, గాలం వేసేవాళ్ళ సీసపు గుళ్ళు, నాణేలు, కూల్‌డ్రింకు డబ్బాల మూతలు బోలెడు వచ్చాయి. రెండో రోజు మోకాలిలోతులో, మేం పడిందనుకున్న చోటుకి 20 అడుగుల అవతల, స్కూపులో ఒక పుస్తె మెరిసింది. వదిన వేలితో తడిమి పుట్టింటిదని చెప్పింది. రెండోది దొరకలేదు.

చలికాలంలో చల్లగాలి వచ్చి వెళ్ళాక ఇటువైపు నీళ్ళు బాగా వెనక్కి తగ్గుతాయి, అప్పుడు మళ్ళీ వస్తానని ఆ పెద్దాయన అన్నారు. వదినావాళ్ళు ఆగస్టులో వెళ్ళిపోతారు, నేనే వెళ్ళి వెతుకుతాను.

కార్డు కంపెనీ నిర్ణయం ఇంకా రాలేదు. ఈలోగా మీలో ఎవరైనా ఇలాంటి మెషిన్ కొనే పనిలో ఉంటే, డబ్బు కట్టకముందు ఆ అమ్మకం పేజీ, సీరియల్ నంబరు ఫొటో నాకు పంపండి. నాకు తెలిసినంతవరకు చూసి చెబుతాను.