దత్తత తర్వాత తోడుంటామని డబ్బు గుంజేవాళ్లున్నారు, జాగ్రత్త

ఇండియా నుంచి బిడ్డను దత్తత తెచ్చుకుంటున్న అమెరికా తెలుగువాళ్లందరికీ చెప్తున్నాను. "పాప ఇంటికొచ్చాక అంతా మేమే చూసుకుంటాం" అని ప్యాకేజీ అమ్మే ఆ కన్సల్టెన్సీకి ఒక్క డాలర్ కూడా కట్టకండి. ఎవరి గురించి అంటున్నానో డాలస్ చుట్టుపక్కల ఈ ప్రాసెస్‌లో ఉన్నవాళ్లకి ఈపాటికే అర్థమై ఉంటుంది. పేరు రాయట్లేదు. రాత్రి జరిగింది తలుచుకుంటే ఇంకా చేతులు వణుకుతున్నాయి.

కారా (ఇండియాలో దత్తతలు చూసే కేంద్ర ప్రభుత్వ సంస్థ) రిజిస్ట్రేషన్, మన ఇల్లూ కుటుంబమూ పరిశీలించే హోమ్ స్టడీ, అమెరికా ఇమిగ్రేషన్‌కి పెట్టే ఐ-800ఏ దరఖాస్తు, రిఫరల్ (ఫలానా బిడ్డ అని చూపించడం) కోసం ఎదురుచూపులు, అభ్యంతరం లేదని కారా ఇచ్చే ఎన్‌వోసీ, కలెక్టర్ గారి ఆర్డర్, పాస్‌పోర్టు, వీసా... ఇదంతా మీరూ పడుతున్నదే, మళ్లీ చెప్పను. మా పాపకి రెండున్నరేళ్లు దాటాయి. తెలంగాణలో శిశుగృహంలో పెరిగింది. ఇక్కడికొచ్చి నెల కూడా కాలేదు.

పగలు బాగానే ఉంటుంది. ఆడుకుంటుంది, మధ్యమధ్యలో "ఆయమ్మేదీ?" అని అడుగుతుంది. రాత్రయితేనే కష్టం. లైటు వెలుగుతున్న గదిలో, అంతమంది పిల్లల మధ్య పడుకున్న పిల్లకి మా ఇంట్లో చీకటి, ఈ నిశ్శబ్దం భయం. లేచి ఏడవదు కూడా. చెప్పులేసుకుని వెళ్లి వీధి తలుపు దగ్గర కూర్చుంటుంది. దిండు కింద ఇడ్లీ ముక్క దాచుకుంటుంది. అది తీశామా, ఊపిరందనంతగా ఏడుపు. తిండి దాచుకుంటారని మాకు ట్రైనింగ్‌లో చెప్పారు. వినడం వేరు, రాత్రి మూడింటికి ఆ తలుపు దగ్గర పిల్లను చూడటం వేరు.

సరిగ్గా ఇలాంటి రాత్రుల కోసమే 2,400 డాలర్లు కట్టాం. 24 గంటలూ తెలుగు మాట్లాడే కౌన్సెలర్, వారంవారం వీడియో కాల్ అన్నారు. డబ్బు తీసుకునేటప్పుడు ఆ కన్సల్టెన్సీ నడిపే ఆవిడ నోట "చెల్లీ" తప్ప ఇంకో మాట లేదు. "నీ కూతురికి నేను పెద్దమ్మని, ఏ రాత్రయినా ఫోన్ చెయ్యి" అంది.

నిన్న రాత్రి చేశాను. పాప నా ఒళ్లో ఉంది, చెయ్యి ఖాళీ లేక స్పీకర్ పెట్టాను. "ఏడిస్తే ఏడవనివ్వండి మేడమ్, గదిలో పెట్టి తలుపేసేయండి, మూడు రోజుల్లో అదే దారికొస్తుంది" అంది. ఆ పని నా వల్ల కాదు, కౌన్సెలర్‌తో మాట్లాడించండి అన్నాను. కౌన్సెలర్ అంటూ ఎవరూ లేరట, అన్నీ తనేనట. నేను గట్టిగా అడిగేసరికి అన్న మాట ఇది: "మీకు సెట్ అవకపోతే ఇప్పుడే చెప్పండి. రిపోర్టులు ఇంకా నడుస్తున్నాయి కదా, వెనక్కి పంపించేయొచ్చు. ఇంకో పాపను చూద్దాం."

మా పాపకి ఇంగ్లీషు రాదు, తెలుగొక్కటే వచ్చు. పంపించేయడం అంటే ఏంటో దానికి మనందరికంటే బాగా తెలుసు. నా నైటీని రెండు పిడికిళ్లతో పట్టేసుకుంది. తెల్లారేదాకా వదల్లేదు. బాత్రూమ్‌కి కూడా ఎత్తుకునే వెళ్లాను.

పసిబిడ్డ వినేలా అంత మాట అనడానికి ఆవిడకి నోరెలా వచ్చింది? నచ్చకపోతే తిరిగిచ్చేయడానికి బిడ్డేమైనా కొట్లో కొన్న చీరా? దత్తత ఆర్డర్ వచ్చాక ఆ బిడ్డ అన్ని విధాలా కన్నబిడ్డతో సమానమని జువెనైల్ జస్టిస్ చట్టం 63వ సెక్షన్ చెప్తోంది. మొదటి ఏడాది మూడు నెలలకోసారి, రెండో ఏడాది ఆరు నెలలకోసారి మన ఏజెన్సీ నుంచి కారాకి వెళ్లే రిపోర్టులు పాప బాగోగులు చూడటానికి. మేము దాన్ని ఉంచుకోవాలో వద్దో తేల్చుకోవడానికి కాదు!

పొద్దున డబ్బు వెనక్కివ్వమని మెసేజ్ పెడితే "సర్వీస్ మొదలైంది, రిఫండ్ లేదు" అని ఒక్క ముక్క రాసి నంబర్ బ్లాక్ చేసింది. ఆ ప్యాకేజీలో రాసిన రిపోర్టుల పని కూడా ఆవిడది కాదు. మన కేసు చూసే ఆథరైజ్డ్ ఏజెన్సీ ఎలాగూ చేయాల్సిందే అది.

చివరికి మా ఏజెన్సీ సోషల్ వర్కర్‌కే ఫోన్ చేశాను. పైసా అదనంగా అడక్కుండా గంటసేపు మాట్లాడింది. పాపతో ఒకే గదిలో పడుకోమంది, లైటు తీయొద్దంది. దానికి అందేచోట ఓ గిన్నెలో తినేదేదో ఎప్పుడూ ఉంచమంది. కొన్నాళ్లు ఎత్తుకోవడం, తినిపించడం మా ఇద్దరి చేతుల మీదుగానే జరగాలంది. చూడ్డానికొస్తామన్న చుట్టాలందరికీ మావారు ఫోన్ చేసి కాస్త ఆగమన్నారు. అత్తయ్యగారు నొచ్చుకున్నారు, మెల్లగా సర్దిచెప్పుకుంటాం.

మీరు ఎవరికైనా డబ్బు కట్టేముందు ఆ పని మీ ఏజెన్సీ ఫీజులోనే ఉందేమో అడగండి. కౌన్సెలర్ ఉన్నారంటే ముందు ఆ మనిషితో మాట్లాడించమనండి, లైసెన్స్ చూపించమనండి. "కారాలో మావాళ్లున్నారు, రిఫరల్ తొందరగా తెప్పిస్తాం" అంటే ఫోన్ పెట్టేయండి, అది సీనియారిటీ ప్రకారం వచ్చేది.

కార్డు కంపెనీలో డిస్ప్యూట్ వేశాను. రసీదు, వాట్సాప్ చాట్ అన్నీ దాచాను. ఆవిడకి డబ్బు కట్టినవాళ్లు ఇంకెవరైనా ఉంటే నాకు మెసేజ్ పెట్టండి, కలిసి ఫిర్యాదు చేద్దాం.