పోర్ట్ లాక్రాయ్: మంచు దీవిలో దుకాణం, తపాలా, ఇంటి మీద బెంగ

అంటార్కిటిక్ ద్వీపకల్పానికి వెళ్ళే యాత్రికుల ఓడల్లో చాలావాటి కార్యక్రమంలో పోర్ట్ లాక్రాయ్ పేరు ఉంటుంది. అక్కడ గౌడియర్ అనే చిన్న రాతి దీవి మీద, నల్ల రంగు వేసిన చెక్క గోడలూ ఎర్రని కిటికీ చట్రాలూ ఉన్న బ్రాన్స్‌ఫీల్డ్ హౌస్ అనే పాత స్థావరం ఉంది. అందులో ఇప్పుడు ఒక మ్యూజియం, ఒక తపాలా కార్యాలయం, ఒక దుకాణం నడుస్తున్నాయి. 2006 నుంచి వీటి నిర్వహణను యూకే అంటార్కిటిక్ హెరిటేజ్ ట్రస్ట్ చూస్తోంది. నాతో ఓడలో వచ్చినవారిలో చాలామంది దీన్ని జ్ఞాపికలు కొనుక్కునే మజిలీగానే భావించారు. నా అభిప్రాయం వేరు. ధ్రువ ప్రాంతంలో ఏళ్ళ తరబడి గడిపిన మనుషులు ఏ ఏ చిన్న సౌఖ్యాలకు మొహం వాచి ఉన్నారో ఇంత దగ్గరగా చూపించే చోటును నేను మరొకదాన్ని చూడలేదు. అందుచేత ఈ సమీక్షలో దుకాణానికి దక్కవలసిన చోటు దానికి ఇస్తూనే, ఎక్కువ భాగం దాని పక్క గదుల గురించి రాస్తున్నాను.

ముందుగా ఆ ఇంటి సంగతి కొంత తెలియాలి. ఈ రేవును 1904లో ఫ్రెంచి అన్వేషకుడు జాఁ బాప్తిస్త్ షార్కో బృందం గుర్తించింది. తర్వాత 1911 నుంచి 1931 వరకు తిమింగలాల వేటగాళ్ళు దీన్ని వాడుకున్నారు. రెండవ ప్రపంచ యుద్ధం జరుగుతుండగా, 1944 ఫిబ్రవరిలో, ఆపరేషన్ టాబరిన్ అనే రహస్య కార్యక్రమం కింద బ్రిటన్ ఇక్కడ స్థావరం కట్టింది. బృందానికి నాయకుడు జేమ్స్ మార్. అతడు కుర్రతనంలో బాయ్ స్కౌట్‌గా ఎంపికై ధ్రువ అన్వేషకుడు షాకిల్టన్ చివరి యాత్రలో పాల్గొన్నవాడు. మొదటి చలికాలం తొమ్మిదిమంది ఇక్కడ గడిపారు. యుద్ధం ముగిశాక స్థావరం శాస్త్ర పరిశోధనకు, ముఖ్యంగా అయనోమండలం అనే వాతావరణపు పై పొర పరిశీలనకు ఉపయోగపడింది. 1962లో దాన్ని మూసివేశారు. ఆ తర్వాత మూడు దశాబ్దాలకు పైగా ఇల్లు పాడుపడి ఉంది. 1995లో అంటార్కిటిక్ ఒప్పందం కింద 61వ చారిత్రక స్థలంగా గుర్తింపు వచ్చింది, 1996లో మరమ్మతు జరిగింది.

లోపలికి వెళ్ళగానే చాలామంది దుకాణం వైపు తిరుగుతారు. నేను ముందు వంటగది చూడమంటాను. అది ఇరుకైన గది. పొయ్యి, దాని చుట్టూ గిన్నెలు, గోడ పొడవునా అరలు, ఆ అరల నిండా డబ్బాలు. ఆ డబ్బాల ముందు కాసేపు నిలబడాలి. అంచుల దగ్గర తుప్పు పాకింది, కాగితపు చీటీల రంగు వెలిసింది, అయినా అక్షరాలు చదవడానికి వీలుగానే ఉన్నాయి. పేర్లున్న వైపు బయటికి తిప్పి, ఒకదాని పక్కన ఒకటి వరుసగా పేర్చారు. పొయ్యి పైన తాడుకు పొడవాటి ఉన్ని లోదుస్తులు ఆరవేసి ఉన్నాయి. తడి బట్టలు ఆరేందుకు ఇంట్లో ఉన్న ఒకే ఒక వెచ్చని చోటు అన్నం వండుకునే చోటే కావడం వల్ల, వంట వాసనా ఉన్ని వాసనా అక్కడ ఎప్పుడూ కలిసే ఉండేవని ఎవరూ చెప్పనక్కర లేకుండానే తెలుస్తుంది. ఏ వస్తువునూ అద్దాల పెట్టెలో బంధించి పక్కన పెద్ద వ్యాసం రాసిపెట్టలేదు. వస్తువు ఎక్కడ వాడారో అక్కడే ఉంచారు, నిర్వాహకులు చేసిన మంచి పనుల్లో దీన్ని నేను మొదటిదిగా లెక్కిస్తాను.

ఆ డబ్బాల తిండికి తోడు సీలు మాంసం, పెంగ్విన్ గుడ్లు కూడా వాళ్ళ భోజనంలో భాగమే. అంటే కడుపు నిండేది. దీన్ని గుర్తుంచుకుంటే తప్ప ధ్రువ యాత్రికుల బెంగ అర్థం కాదు. చలిలో ఆకలితో అలమటించి మంచి తిండి కోసం కలలు కన్నారని మనం అనుకుంటాం. ఆకలితో ఉన్నవాళ్ళూ ఉన్నారు, సందేహం లేదు. కాని నార్వే అన్వేషకుడు నాన్సెన్, అతని సహచరుడు యోహాన్సెన్ 1895-96 చలికాలాన్ని ఉత్తర ధ్రువ ప్రాంతపు ఫ్రాంజ్ జోసెఫ్ ల్యాండ్‌లో రాళ్ళతో కట్టి వాల్రస్ తోళ్ళు కప్పిన గుహ లాంటి గుడిసెలో గడిపినప్పుడు, ఎలుగుబంటి మాంసం పుష్కలంగా తిని బయల్దేరినప్పటి కంటే బరువెక్కి బయటపడ్డారు. వాళ్ళకు లేనివి రొట్టె, చక్కెర, సబ్బు, శుభ్రమైన చొక్కా. జిడ్డు కారే బట్టలు ఒంటికి అతుక్కుని చర్మం ఒరిసిపోతుంటే, చొక్కాల మీది కొవ్వును కత్తితో గీకి తీసేవారు. ఆ రోజుల్లో నాన్సెన్ ఊహించుకున్నది విందును మాత్రమే కాదు. గోడల నిండా కొత్త, మెత్తని, శుభ్రమైన ఉన్ని బట్టలు వేలాడుతున్న ఒక పెద్ద వెలుతురున్న దుకాణాన్ని ఊహించుకున్నాడు. ధ్రువ మంచులో ఒక మనిషి దుకాణం కోసం ఇంతగా ఆరాటపడ్డాడని తెలిసినవారికి, మంచు దీవి మీద ఉన్న ఈ చిన్న దుకాణంలోకి అడుగు పెట్టడం మామూలు విషయంగా అనిపించదు.

ఎలిఫెంట్ దీవి కథ కూడా ఇక్కడ గుర్తుకు తెచ్చుకోదగినదే. షాకిల్టన్ ఎండ్యూరెన్స్ ఓడ మంచులో నలిగి మునిగిపోయాక, 1916 ఏప్రిల్ నుంచి ఆగస్టు 30 వరకు అతని మనుషుల్లో 22 మంది ఆ దీవి మీద బోర్లించిన రెండు పడవల కింద తలదాచుకున్నారు. తినడానికి సీలు, పెంగ్విన్ మాంసం. కొవ్వూ మాంసకృత్తులూ తప్ప పిండి పదార్థం దాదాపు లేని ఆ తిండి ఒంటికి శక్తినిచ్చినా, మనసంతా తీపి మీదా పిండివంటల మీదా ఉండేది. చిత్రకారుడు మార్‌స్టన్ దగ్గర ఒక చిన్న వంటల పుస్తకం ఉండేది. దానిలోని వంటకాలను రాత్రిపూట చదివి, ఎలా చేయాలో, ఇంకా ఏమి కలపాలో అందరూ పట్టుదలగా చర్చించుకునేవారు. లాక్రాయ్ వంటగదిలో వరుసగా పేర్చిన డబ్బాల మీది పేర్లు చదువుతున్నప్పుడు ఆ చర్చలే నా మనసులో మెదిలాయి. కట్టుకున్న గోడల మధ్య, పొయ్యి పక్కన కూర్చున్నవారికి కూడా ఆ లోటు వేరేగా ఉండి ఉండదు.

పడక గది, కూర్చునే గది వంటగదికి దూరమేమీ కాదు. బంకు మంచాలు, పుస్తకాలు, గ్రామఫోను, కాస్త కూర్చోవడానికి కుర్చీలు. ఈ గ్రామఫోను గురించి ఒక మాట చెప్పాలి. వినోద సాధనాలు ధ్రువ యాత్రల్లో బరువు మిగిలితే వేసుకునే అదనపు సరుకు కావు. ఎండ్యూరెన్స్ మునిగిపోతున్నప్పుడు మనిషికి ఇంత బరువే అని కఠినంగా నిర్ణయించి బంగారు నాణేలను సైతం మంచులో పారేసిన షాకిల్టన్, బృందంలోని హస్సీ అనే అతని బాంజోను, అంటే తీగల వాద్యాన్ని, మాత్రం వెంట తీసుకురమ్మన్నాడు. పాట ఔషధమని అతనికి తెలుసు. లాక్రాయ్‌లో ఆ అవసరం మరో రూపంలో కనబడుతుంది. 1960 ప్రాంతంలో ఇక్కడ పనిచేసిన ఒక డీజిల్ మెకానిక్ తలుపుల మీద ఆనాటి సినిమా తారల నిలువెత్తు బొమ్మలు వేశాడు. వాటిలో మార్లిన్ మన్రో కూడా ఉంది. తర్వాతి కాలంలో వాటి మీద రంగు పూశారు. మరమ్మతు సమయంలో ఆ రంగు కింద నుంచి బొమ్మలు మళ్ళీ బయటికి వచ్చాయి. చిత్రకళగా వాటికి పెద్ద విలువ లేకపోవచ్చు. కాని ఆడమనిషి గొంతు నెలల తరబడి వినబడని ఇంట్లో, గోడకు అంటించే కాగితపు బొమ్మతో సరిపెట్టుకోక, తలుపంత బొమ్మను కుంచెతో ఓపికగా గీసిన మనిషి మనసులో ఏముందో ఆ తలుపు ముందు నిలబడ్డ ప్రతివారికీ తెలుస్తుంది. వాటిని సిగ్గుపడి దాచకుండా, గొప్పగా అలంకరించకుండా, ఉన్నచోట ఉన్నట్టు చూపించడం సరైన నిర్ణయం.

ఇక తపాలా కార్యాలయం. అసలైన సేవ ఇదే అని నా నమ్మకం. స్థావరంలో పనిచేసినవారికి ఇంటి ఉత్తరాలు వేసవిలో ఓడ వచ్చినప్పుడే అందేవి. చలికాలమంతా రేడియోలో పంపే కొద్దిపాటి మాటలే దిక్కు. బ్రిటన్ స్థావరాల్లో చలికాలం గడిపేవారి కోసం బీబీసీ ఇప్పటికీ ప్రతి జూన్ 21న, అంటే అక్కడి నడి చలికాలపు పండుగ రోజున, ఇళ్ళ నుంచి వచ్చిన సందేశాలతో ఒక ప్రత్యేక ప్రసారం చేస్తోంది. పలకరింపును కూడా ఆహారంతో సమానంగా సరఫరా చేయాలన్న అవగాహన దాని వెనుక ఉంది. ఇవాళ లాక్రాయ్‌లో మనం కార్డు కొని, బ్రిటిష్ అంటార్కిటిక్ టెరిటరీ తపాలా బిళ్ళ అంటించి ఎర్ర డబ్బాలో వేస్తే, అక్కడి సిబ్బంది ఒక్కొక్కదాని మీద చేత్తో ముద్ర వేస్తారు. అది ఏదైనా ఓడ ఎక్కి ఫాక్‌లాండ్ దీవుల్లోని స్టాన్లీకి, అక్కడి నుంచి విమానంలో బ్రిటన్‌కు, ఆ తర్వాత మన చిరునామాకు చేరుతుంది. వారాలు పట్టవచ్చు, నెలలూ పట్టవచ్చు. ఒక్కో వేసవిలో 70 వేల నుంచి 80 వేల కార్డులు ఇలా వందకు పైగా దేశాలకు వెళ్తాయి. నలుగురైదుగురు మనుషులు చేత్తో చేసే పనికి ఆ సంఖ్య చాలా ఎక్కువ. నా కార్డు మీది ముద్ర కాస్త పక్కకు వాలి ఉంది, తేదీ మాత్రం నిండుగా పడింది. నాకు అది ఎంతో నచ్చింది.

దుకాణంలో కార్డులు, తపాలా బిళ్ళలు, పటాలు, బ్యాడ్జీలు, ఉన్ని టోపీలు, పుస్తకాలు, బొమ్మ పెంగ్విన్లు దొరుకుతాయి. బ్యాంకు కార్డుతో చెల్లించవచ్చు. నాణ్యత బాగానే ఉంది. బొమ్మలు, టోపీల వంటివి ఏ మ్యూజియం దుకాణంలోనైనా దొరికేవే, కాబట్టి చేతిలో ఉన్న సమయాన్ని వాటి దగ్గర ఖర్చు చేయకండి. ఆ ప్రాంతపు తపాలా బిళ్ళలు, పటాలు మాత్రం తీసుకోదగినవి. ఇక్కడ వచ్చే ఆదాయం అంటార్కిటికాలోని చారిత్రక స్థావరాల సంరక్షణకు వెళ్తుంది గనుక ఇక్కడ పెట్టే ఖర్చు ఈ ఇంటికే తిరిగి వస్తుందని నిశ్చింతగా ఉండవచ్చు.

దుకాణంలో నన్ను ఎక్కువగా ఆకట్టుకున్నది సరుకు కాదు, సిబ్బంది. నవంబరు నుంచి మార్చి వరకు ఆ దీవి మీదే ఉండే వీరికి కుళాయి నీరు లేదు, నీటితో కడిగే మరుగుదొడ్డి లేదు. స్నానానికి వచ్చిపోయే ఓడల మీద ఆధారపడతారు, తాజా పండ్లూ కూరగాయలూ ఆ ఓడలు ఇచ్చినవే. రోజంతా నిలబడి యాత్రికులకు సమాధానాలు చెప్పి, సాయంత్రం ముద్రలు వేసి, పెంగ్విన్ గూళ్ళు లెక్కపెట్టి, ఇంటి ముందు మంచు తవ్వుకుంటారు. 2022లో వేసవి ఆరంభంలో ఇల్లు మీటర్ల లోతు మంచులో కూరుకుపోతే, బ్రిటిష్ నౌకాదళ ఓడ హెచ్ఎంఎస్ ప్రొటెక్టర్ సిబ్బంది వచ్చి తవ్వడంలో సాయపడ్డారు. మీకు ఇక్కడ దేనికి బెంగగా ఉంటుందని అక్కడి ఉద్యోగిని ఒకామెను అడిగాను. తడి ఆరిన సాక్సు, పచ్చి ఆకుకూర అని ఆమె వెంటనే చెప్పింది. ఎనభై ఏళ్ళ నాటి వంటగదికీ, దాని పక్క గదిలో నిలబడ్డ ఈ మనిషికీ మధ్య దూరం ఎంత తక్కువో ఆ ఒక్క జవాబు చెప్పింది. మీ ఓడవారు అనుమతిస్తే వారికి పండ్లు అందేలా చూడండి. నా దృష్టిలో దుకాణంలో చేసే ఏ కొనుగోలు కంటే అది విలువైనది.

కొన్ని పరిమితులు చెప్పాలి. యాత్రికులు వెళ్ళేది వేసవిలో, రాత్రి కూడా వెలుతురు ఉండే రోజుల్లో. స్థావరం అంటార్కిటిక్ వృత్తానికి ఉత్తరంగా ఉన్నందువల్ల చలికాలంలోనూ సూర్యుడు పూర్తిగా మాయం కాడు గాని, జూన్‌లో పగలు కొద్ది గంటలకే ముగిసిపోతుంది. ఇంటి మీద బెంగ పెరిగేది ఆ చీకట్లోనే. కిటికీలోంచి ఎండ పడుతుండగా ఆ గదులను చూసే మనకు దాన్ని ఊహించుకోవడం తప్ప మార్గం లేదు. గదులు ఇరుకు. ఒకేసారి పరిమిత సంఖ్యలోనే లోపలికి అనుమతిస్తారు, అది న్యాయమే. గుమ్మం దాకా వందల జతల జెంటూ పెంగ్విన్లు గూళ్ళు కట్టుకుని ఉంటాయి కాబట్టి వాసన ఘాటుగా ఉంటుంది. వాటికి ఐదు మీటర్ల దూరం పాటించాలి, బూట్లను శుభ్రం చేసుకునే దిగాలి, ఎక్కాలి. దీవిలో కొంత భాగంలోకి ఎవరినీ రానివ్వరు. మనుషుల రాకపోకల వల్ల పెంగ్విన్లకు తేడా వస్తోందా అన్నది పోల్చి చూడటానికి దాన్ని అలా ఉంచారు.

ఓడను ఎంచుకునేటప్పుడే, లాక్రాయ్‌లో ఎంతసేపు దింపుతారో నిర్వాహకులను అడగండి. గంటలోపు అయితే వంటగదీ తపాలా రెండూ కుదరవు. చిరునామాలు ముందే రాసి పెట్టుకోండి. తీరం చేరగానే వరుస పెరగకముందే కార్డులు కొని, మ్యూజియం చూస్తూ మనసులో వాక్యం కూర్చుకుని, వెళ్ళేముందు రాసి డబ్బాలో వేయండి. చేతులు చలికి బిగుసుకుంటాయి, సిరా కలం మొరాయిస్తుంది, పెన్సిలు వెంట ఉంచుకోండి. ఒక కార్డు మీ సొంత చిరునామాకు కూడా పంపుకోండి. అది మీకంటే చాలా ఆలస్యంగా ఇల్లు చేరుతుంది.