రోయింగ్ మెషీన్ సీటుకు పుదుపేటలో కుట్టించిన మెత్త

ఇంట్లో రోయింగ్ మెషీన్ (పట్టా మీద ముందుకూ వెనక్కూ జరిగే సీటులో కూర్చుని, పడవ తెడ్డు వేసినట్టు లాగే వ్యాయామ యంత్రం) పెట్టుకున్నవారు కొన్నాళ్లకు దాని జోలికి పోవడం మానేశారంటే, చాలాసార్లు కారణం చేతులో నడుమో అలసిపోవడం కాదు, 20 నిమిషాలు గడిచేసరికి ఆ సీటు మీద కూర్చోలేకపోవడం. మద్రాసు అన్నానగర్‌లోని మా ఇంట్లో నేను, మా ఆవిడ, కాలేజీలో చదివే మా అబ్బాయి ముగ్గురమూ ఒకే మెషీన్ వాడతాము, ముగ్గురిదీ ఇదే బాధ. ఆన్‌లైన్‌లో తెప్పించుకున్న జెల్ మెత్తనూ, పుదుపేటలో బండి సీట్లు కుట్టే దుకాణంలో చేయించుకున్న మెత్తనూ చాలాకాలం వాడి చూశాక ఈ సమీక్ష రాస్తున్నాను. పుదుపేట మెత్తే మేలు. ఎందుకు మేలో చెప్పాలంటే ముందుగా సీటు సంగతి కొంత వివరించాలి.

సీటు గట్టిగా ఉండడం తయారీలో లోపం కాదు. 1867లో ఏర్పడి ఇప్పుడు అడయారు నదిలో తెడ్లు వేయిస్తున్న మద్రాస్ బోట్ క్లబ్ పుణ్యమా అని మన ఊరివారికి పందెపు పడవలు కొత్త కాదు. అటువంటి పడవల్లో సీటు గట్టిగానే ఉంటుంది, చాలావాటిలో పిరుదుల ఎముకలు ఆనే చోట రెండు రంధ్రాలు కూడా ఉంటాయి. ఈ వ్యాయామంలో బలమంతా ముఖ్యంగా కాళ్లతో తన్నడంలోనే ఉంది కాబట్టి, కింద సీటు మరీ మెత్తగా ఉంటే ఒళ్లు ఊగిపోయి ఆ తన్ను వృథా అవుతుంది. పిరుదుల అడుగున రెండు పక్కలా ఉండే ఎముకల మీద బరువు పడాలి, వెనక ఉన్న తోక ఎముకకు ఏదీ తగలకూడదు. తొడ వెనక కండరాలు బిగుసుకుపోయి ఉన్నవారికి ముందుకు వంగేటప్పుడు నడుము గూనిగా వంగి, కటి భాగం వెనక్కి వాలిపోయి, బరువు ఆ తోక ఎముక మీదికి జారుతుంది. నిమిషానికి 24 సార్లు లాగితే 20 నిమిషాలకు 480 సార్లు ఇదే రాపిడి జరుగుతుంది కనుక నొప్పి పుట్టడంలో ఆశ్చర్యం లేదు.

జెల్ మెత్త మీద కూర్చున్న మొదటి పది నిమిషాలు హాయిగానే ఉంటుంది. ఆ తరువాత బరువు పడిన చోటు నుంచి జెల్ పక్కలకు జరిగిపోయి, ఎముకలు నేరుగా అడుగున ఉన్న గట్టి సీటుకే తగులుతాయి. అది చాలదన్నట్టు, మద్రాసు ఉక్కపోతలో దాని పైగుడ్డ చెమటకు తడిసి ఒంటికి అంటుకుంటుంది, వెనక్కి తన్నిన ప్రతిసారీ మెత్త వేలెడు జరుగుతుంది. మా అబ్బాయి తక్కువ బరువు ఉంటాడు కాబట్టి వాడికి కొంత పనికివచ్చింది. నాకు, మా ఆవిడకు పనికిరాలేదు. పెట్టిన డబ్బుకు అది తగిన వస్తువని నేను అనలేను.

ఎగ్మోర్ పక్కనున్న పుదుపేట అనగానే పాత బండ్ల విడిభాగాలు గుర్తుకు వస్తాయి గాని, ఆ సందుల్లో మోటార్ సైకిల్ సీట్లు విప్పి, ఫోమ్ మార్చి, కొత్త తొడుగు కుట్టేవారు కూడా ఉన్నారు. మేము వెళ్లిన దుకాణం పెద్దాయన నెల్లూరు నుంచి వచ్చి స్థిరపడినవారు కావడంతో చెప్పవలసినదంతా తెలుగులోనే చెప్పగలిగాము. మెషీన్ సీటును స్క్రూలు విప్పి వెంట తీసుకువెళ్లాము. అట్టపెట్టె ముక్క మీద కాసేపు కూర్చుని లేచినప్పుడు ఎముకలు ఒత్తిన చోట రెండు గుంటలు పడతాయి, ఆ అట్టను కూడా ఇచ్చాము. ఆ రెండు గుంటల మధ్య దూరం మనిషిని బట్టి మారుతుంది, సాధారణంగా 10 నుంచి 15 సెంటీమీటర్ల మధ్య ఉంటుంది. ఆయన అట్టను సీటు మీద పెట్టి సుద్దముక్కతో గుర్తులు పెట్టుకున్నారు. రెండు మూడు రకాల ఫోమ్ ముక్కలను బొటనవేలితో అదిమి చూసి, తుక్కు ఫోమ్‌ను అదిమి చేసే గట్టి రీబాండెడ్ రకాన్ని ఎంచుకుని, దాని మీద పలుచగా ఒక మెత్తటి పొర అతికించారు. "సార్, మీరు దీని మీద ముందుకూ వెనక్కూ ఊగుతారు గదా, ముందు అంచు నిలువుగా ఉంటే తొడ కింద కోస్తాది" అంటూ సానపట్టిన హాక్సా బ్లేడుతో ఆ అంచును ఏటవాలుగా చెక్కారు. వెనక తోక ఎముక వచ్చే చోట మూడు వేళ్ల వెడల్పున గాడి తీశారు. కుట్లన్నీ పక్కలకు వచ్చేలా వేశారు. పైన ఒక్క కుట్టు ఉన్నా అది ఎముక కింద ఒరుసుకుంటుందని ఆయనే చెప్పారు.

మొత్తం మందం రెండు సెంటీమీటర్లే. చూడడానికి జెల్ మెత్త ముందు ఇది ఆనదు, కాని అరగంట గడిచాక కూడా ఎముకల కింద దాని పట్టు తగ్గదు, తోక ఎముకకు ఏమీ తగలదు, ఒళ్లు అటూ ఇటూ ఊగదు. ఖర్చు జెల్ మెత్త ధరలో సగం కూడా కాలేదు. లోపాలు లేకపోలేదు. పైన కుట్టిన రెగ్జిన్ తొడుగు చెమటను పీల్చుకోదు కాబట్టి పైన పలుచటి నూలు తువ్వాలు పరుచుకుని, వ్యాయామం అయ్యాక తడిగుడ్డతో తుడవాలి. చిల్లులున్న రెగ్జిన్ అడిగి ఉంటే ఇంకా బాగుండేది. మెత్తను పట్టి ఉంచే వెల్క్రో పట్టీల కొసలు సీటు కిందికి వేలాడకుండా లోపలికి మడిచి కుట్టించుకోవడం చాలా అవసరం, అవి పట్టాకూ చక్రాలకూ మధ్య చిక్కుకుంటే సీటు ఒక్కసారిగా ఆగిపోయి మనిషి పడే ప్రమాదం ఉంది.

మెత్త చేయించే ముందు పాదాలు ఆనించే పలకను ఒకటి రెండు మెట్లు దించి చూడండి. పాదాలు కిందికి దిగితే నడుము గూని కాకుండా తుంటి దగ్గర నుంచి ముందుకు వంగడం సులువవుతుంది, మా ఆవిడకు సగం నొప్పి దానితోనే పోయింది. వెనక కుట్టు మందంగా ఉన్న నిక్కర్లు వేసుకోకపోవడం, 20 నిమిషాలకు ఒకసారి లేచి నాలుగు అడుగులు వేయడం కూడా ఉపకరిస్తాయి. లేచి నడిచినా తిమ్మిరి తగ్గక కాలిలోకి పాకుతూ ఉంటే మాత్రం డాక్టరును కలవాలి, దానికి ఏ మెత్తా మందు కాదు.

పుదుపేటకు వెళ్లేవారు సీటు, అట్టముక్క రెండూ తీసుకువెళ్లండి. కొలతలు నోటితో చెబితే ఫోమ్ సరిగా కోయడం కుదరదు. ఇంట్లో ఎక్కువ బరువున్న మనిషినే వెంటబెట్టుకువెళ్లి, తొడుగు కుట్టకముందే ఫోమ్ మీద కూర్చోబెట్టి చూడమని అడగండి. మా పెద్దాయన అడగకుండానే కూర్చోమన్నారు, అక్కడికక్కడే రెండుసార్లు గాడి సరిచేశారు.