మా ఊరి మూలికల దుకాణం: కరక్కాయలు కొనుక్కోండి, షుగర్ గోలీలు మాత్రం వద్దు (5కి 1 స్టార్)

బస్టాండ్ ఎదురు సందులో ఉండే మూలికల దుకాణం ఇది, పేరు రాయడం లేదు. కరక్కాయ, సొంఠి, పిప్పళ్లు, ఎండు ఉసిరి లాంటి సరుకు ఇక్కడ బాగుంటుంది, పురుగు పట్టి ఉండదు, తూకంలో మోసం లేదు, మాట మర్యాద కూడా ఉంది. ఆ ఒక్క స్టార్ అందుకే.

నా బాధంతా గల్లాపెట్టె పక్కన గాజు సీసాలో పెట్టి అమ్మే షుగర్ గోలీల గురించి. మిరియం గింజంత నల్లటి గోలీలు, పాత పేపర్‌లో పొట్లం కట్టి చేతిలో పెడతారు. ఏం కలిపారో, ఎవరు తయారు చేశారో, లైసెన్స్ నంబరు, బ్యాచ్ నంబరు, తేదీ, ఏదీ ఉండదు. అమ్మే ఆయుర్వేద మందుకి కూడా ఇవన్నీ లేబుల్ మీద ఉండాలని రూలు ఉంది. పైగా షాపు ముందు "షుగర్ శాశ్వతంగా మాయం" అని పెద్ద బోర్డు. షుగర్ నయం చేస్తామని ప్రకటన ఇవ్వడాన్ని 1954 నాటి చట్టమే నిషేధించింది, అయినా ఆ బోర్డు ఏళ్లుగా అక్కడే ఉంది.

మా బాబాయి ఈ గోలీలు నెలల తరబడి వేసుకున్నాడు. మొదట మలబద్ధకం, తర్వాత కడుపులో మెలిపెట్టే నొప్పి, రాత్రిళ్లు నిద్ర లేదు. గ్యాస్ అని మాత్రలు ఇచ్చారు, స్కానింగ్ చేశారు, ఎండోస్కోపీ చేశారు, అన్నీ నార్మలే, రక్తం మాత్రం తగ్గిపోతోంది. ఇంట్లో అందరికీ ఒకటే టెన్షన్, క్యాన్సరేమో అని. చివరికి ఒక డాక్టరుగారు బాబాయి పెదవి పైకెత్తి చూశారు. చిగుళ్ల అంచున, పళ్ల మొదట్లో, నీలమూ నలుపూ కలిసిన సన్నటి గీత. "నాటుమందులేమైనా వాడుతున్నారా?" అని వెంటనే అడిగారు. సీసం (లెడ్ అనే విషపు లోహం) ఒంట్లో చేరితే అలాంటి గీత వస్తుందట. రక్తపరీక్షలో సీసం డెసీలీటరుకి 86 మైక్రోగ్రాములు వచ్చింది. 5 ఉన్నా సరే, ఎక్కడి నుంచి వస్తోందో వెతికి ఆపమంటుంది ప్రపంచ ఆరోగ్య సంస్థ.

మూలికల గోలీలో సీసం ఎందుకుంటుంది అని నాకూ అర్థం కాలేదు. ఆయుర్వేదంలో లోహాలతో చేసే మందులు కూడా ఉంటాయి: నాగభస్మం అంటే సీసంతో చేసేదే, రససింధూరంలో పాదరసం ఉంటుంది. 2004లో అమెరికాలోని బోస్టన్ ప్రాంతం దుకాణాల్లో దొరికే 70 ఆయుర్వేద మందుల్ని పరీక్షిస్తే 14 మందుల్లో సీసమో, పాదరసమో, ఆర్సెనికో బయటపడింది. ఆ మందులన్నీ మన దక్షిణాసియాలో తయారైనవే.

వైద్యంలో మొదటి పని ఆ మందు ఆపేయడం, అది ఆపకుండా ఏం చేసినా లాభం లేదు. తర్వాత సీసాన్ని పట్టుకుని మూత్రంలో బయటికి పంపే మందులు ఇస్తారు, బాబాయికి డి-పెనిసిలమిన్ ఇచ్చారు, కొందరికి డీఎంఎస్ఏ గానీ ఈడీటీఏ ఇంజక్షన్ గానీ ఇస్తారు. ఒక కోర్సుతో అయిపోదు. ఒంట్లోని సీసం ఎక్కువ భాగం ఎముకల్లో దాక్కుంటుంది కాబట్టి, రక్తంలో తగ్గినట్టే తగ్గి మళ్లీ పెరుగుతుంది. అందుకే మళ్లీ మళ్లీ పరీక్షలు, మధ్యలో కిడ్నీలు ఎలా ఉన్నాయో చూడటం. బాబాయికి నొప్పి పోయింది, అన్నం తింటున్నాడు, మందులు ఇంకా నడుస్తున్నాయి. రిపోర్టు చూపిస్తే షాపాయన "పథ్యం తప్పి ఉంటారండీ" అన్నాడు. ఆ మాటకి నాకు వచ్చిన కోపం ఇంకా తగ్గలేదు.

అదే షాపులో కీళ్లనొప్పుల పొడి కూడా ఉంది. అందులో ఏముందో నేను పరీక్ష చేయించలేదు, కానీ ఎక్కడ కొన్నదైనా పేరు లేని పొడితో రెండు రోజుల్లో నొప్పులు మాయమై, ముఖం ఉబ్బుతూ ఉంటే స్టెరాయిడ్ కలిపారేమో అని అనుమానించాలి. అలాంటిది చాన్నాళ్లు వాడి ఉంటే సొంతంగా ఒక్కసారిగా ఆపొద్దు, బీపీ పడిపోయి ప్రాణం మీదికి వస్తుంది. డాక్టరు దగ్గరికి వెళ్తే డోసు మెల్లగా తగ్గిస్తారు.

ఏ నాటుమందైనా వేసుకున్నాక వాంతులు, ఫిట్స్, గుండె దడ, మత్తు మొదలైతే ఉప్పునీళ్లు, సబ్బునీళ్లు తాగించి కక్కించకండి, అది ఊపిరితిత్తుల్లోకి పోతే ఇంకో ప్రమాదం. మిగిలిన పొట్లం పారేయకుండా పట్టుకుని తిన్నగా పెద్దాసుపత్రికి వెళ్లండి, ఏం మింగారో తెలిస్తే డాక్టర్లకి సగం పని అయిపోతుంది. ఢిల్లీ ఎయిమ్స్‌లో విషాల సమాచార కేంద్రం ఉంది, టోల్‌ఫ్రీ నంబరు 1800 116 117, రాత్రైనా పగలైనా చేయొచ్చు.