అయిదు రూపాయల భోజనం: అమీర్‌పేటలో ఇన్నేళ్లు తిన్నాక

హైదరాబాద్‌కు కొత్తగా వచ్చే మా ఊరి పిల్లలూ, వాళ్ల అమ్మానాన్నలూ ఫోన్ చేసి అడిగేది ఒక్కటే. తక్కువ ఖర్చులో ఎక్కడ ఉండాలి, ఎక్కడ తినాలి? ఉండే సంగతి తర్వాత చెప్తాను. ముందు మధ్యాహ్నం అయిదు రూపాయలకు పెట్టే భోజనం గురించి చెప్పాలి. మొన్నటిదాకా అన్నపూర్ణ అన్నారు, ఇప్పుడు ఇందిరమ్మ క్యాంటీన్ అంటున్నారు. పేరు ఏదైనా మా హాస్టళ్ల సందుల్లో అందరికీ అది 'అయిదు రూపాయల భోజనమే'. ఈ ఊళ్లో నాకు నచ్చినవి చాలా ఉన్నాయి గానీ, రుణపడి ఉన్నాను అనిపించేది దీనికే.

2014లో నాంపల్లి సరాయి దగ్గర మొదలుపెట్టారు. హైదరాబాద్ నగరపాలక సంస్థ జీహెచ్‌ఎంసీ, హరేకృష్ణ మూవ్‌మెంట్ అనే ధార్మిక సంస్థ వాళ్లు కలిసి నడిపిస్తున్నారు. ఒకచోట పెద్ద వంటశాలలో వండి, వేడి పోకుండా డబ్బాల్లో పెట్టి వ్యాన్లలో తెచ్చి దించుతారు. లెక్క ప్రకారం పళ్లెంలో అన్నం 400 గ్రాములు, కూర 100, సాంబారు 120, పచ్చడి 15. మనం ఇచ్చే అయిదూ పోను మిగతా ఖర్చు జీహెచ్‌ఎంసీ భరిస్తుంది. మొదలైన నాడు అయిదే, ఇవాళా అయిదే. అదే రోడ్డు మీద టీ ధర ఈ మధ్యలో ఎన్నిసార్లు పెరిగిందో టీ తాగేవాళ్లకు తెలుసు.

చవక సరే. నన్ను కట్టిపడేసింది మాత్రం వేరే. అక్కడ ఎవరూ ఏమీ అడగరు. రేషన్ కార్డు ఉందా, ఆధార్ ఉందా, ఏ ఊరు, ఏం చేస్తావు, ఏదీ లేదు. చేతిలో అయిదు రూపాయల బిళ్ల ఉంటే చాలు, పళ్లెం చేతికొస్తుంది. అమీర్‌పేటలో మైత్రీవనం చుట్టుపక్కల కోర్సులు నేర్చుకునే రోజుల్లో నా ముందు ఆటో డ్రైవరు ఉండేవాడు, వెనక మెడలో బ్యాగుతో మరో బీటెక్ కుర్రాడు. ఆసుపత్రిలో మనిషిని చేర్పించి, ఇంటి నుంచి క్యారేజీ తెచ్చేవాళ్లు లేక వచ్చినవాళ్లు, సెక్యూరిటీ యూనిఫాం తీయకుండానే వచ్చినవాళ్లు కూడా అదే వరుసలో. ఉద్యోగం లేని మనిషికి ప్రతి ప్రశ్నా గుచ్చుకుంటుంది. రోజంతా 'ఇంకా రాలేదా?' అని వినీ వినీ విసిగినవాడికి, ఏ ప్రశ్నా లేకుండా అన్నం పెట్టే చోటు ఎంత పెద్ద విషయమో అనుభవించినవాళ్లకే అర్థమవుతుంది.

మా కేంద్రంలో వడ్డించే అక్క చెయ్యి నాకు ఇప్పటికీ గుర్తే. అన్నం వేసి, గరిటె వెనక భాగంతో నడిమధ్యన చిన్న గుంట చేసి, సాంబారు సరిగ్గా అందులో పోస్తుంది. పళ్లెం అంచు దాటి ఒక్క చుక్క కారదు. రోడ్డు పక్కన నిలబడి, ఒక చేత్తో పళ్లెం పట్టుకుని తినేవాడికి ఆ గుంట ఎంత ముఖ్యమో! అది లేకపోతే సాంబారంతా చొక్కా మీదే.

అసలు చెప్పాల్సింది 2020 మార్చి సంగతి. లాక్‌డౌన్ పెట్టగానే నేనున్న హాస్టల్ ఓనర్ వంటగదికి తాళం వేశాడు. వంటవాళ్లు వెళ్లిపోయారు, మీరూ వెళ్లిపోండి అన్నాడు. నెల ఫీజు ముందే తీసుకున్నాడు, దాని ఊసెత్తలేదు. ఆయన ఒక్కడే కాదు, చుట్టుపక్కల చాలా హాస్టళ్లలో అదే మాట. మార్చి 25న, సరిగ్గా ఉగాది రోజున, ఊళ్లకు వెళ్లే పాసుల కోసం ఎస్‌ఆర్ నగర్ పోలీస్ స్టేషన్ ముందు హాస్టళ్ల వాళ్లు వందలమంది గుమిగూడారు. పాసు దొరికి బైకుల మీద బయల్దేరినవాళ్లను ఆంధ్రా సరిహద్దులో గరికపాడు చెక్‌పోస్టు దగ్గర ఆపేశారు. గుంటూరు వెళ్లాల్సిన నా రూమ్మేట్ అక్కడి నుంచి అర్ధరాత్రి ఫోన్ చేశాడు. 'రావద్దురా, నువ్వు అక్కడే ఉండు' అన్నాడు. మాది శ్రీకాకుళం, నాకు బండి కూడా లేదు. ఉండిపోయాను. హాస్టళ్లు ఖాళీ చేయించొద్దని ప్రభుత్వం గట్టిగా చెప్పాక ఓనర్ గదులైతే ఉంచాడు. వంటగది తాళం మాత్రం తీయలేదు.

బిస్కెట్లతో, అటుకులతో కొన్నాళ్లు గడిచాయి. కిరాణా కొట్టుకు పోదామని బయటికొచ్చినప్పుడు, కేంద్రం దగ్గర మనుషులు నిలబడి ఉండడం చూశాను. నేల మీద సున్నంతో గుండ్రాలు గీసి, గుండ్రానికొకరిని నిలబెట్టారు. జేబులోంచి బిళ్ల తీస్తే అక్క మాస్కు వెనక నుంచి 'పైసలొద్దు తమ్మీ, ఇప్పుడు అందరికీ ఫ్రీ' అంది. పళ్లెం అందుకున్నాను. అన్నం పొగలు కక్కుతోంది. నెల డబ్బు ముందే తీసుకున్నవాడు పొమ్మన్నాడు, నా పేరైనా తెలియని మనిషి పిలిచి పెట్టింది. మర్నాడు హాస్టల్లో మిగిలిపోయిన మిగతా నలుగురినీ వెంటబెట్టుకుని వెళ్లాను. అందులో ఒకబ్బాయి, ఇలాంటి చోట తినడం నామోషీ అని అంతకుముందు ఎప్పుడూ రానివాడు, రెండోసారి అన్నం అడిగి పెట్టించుకున్నాడు. బస్సులు తిరిగేదాకా మమ్మల్ని నిలబెట్టింది ఆ పళ్లెమే.

అలాగని ఇదొక్కటే చాలు, హైదరాబాద్‌లో బతికేయొచ్చు అనను. ఇది ప్రధానంగా మధ్యాహ్నం భోజనం. 2025 సెప్టెంబరు నెలాఖర్లో మోతీనగర్‌లోనూ, ఖైరతాబాద్ మింట్ కాంపౌండ్‌లోనూ అయిదు రూపాయలకే టిఫిన్ కూడా మొదలుపెట్టారు. మిల్లెట్ ఇడ్లీ, ఉప్మా, పొంగల్, పూరీ లాంటివి. మోతీనగర్ నాకు దగ్గరే కాబట్టి నా పొద్దుటి పూట కొంత తేలికైంది. రాత్రికి మాత్రం మన దారి మనం చూసుకోవాలి. రుచి విషయానికొస్తే, వంటలో ఉల్లీ వెల్లుల్లీ ఉండవు. వెల్లుల్లి తాలింపు లేనిదే పప్పు పప్పే కాదనుకునే ఇంట్లో పెరిగినవాణ్ని. ఆకలిగా ఉన్నప్పుడు తేడా తెలియదు. జీతం వచ్చిన మొదటి వారంలో బాగా తెలుస్తుంది. కూర్చుని తీరిగ్గా తినాలనుకునే పెద్దవాళ్లకు రోడ్డు పక్కన భోజనం కష్టం, మా నాన్న వచ్చినప్పుడు ఆయన మోకాళ్ల వల్ల తీసుకెళ్లనేలేదు. హైటెక్ సిటీలో ఉద్యోగం వచ్చాక పనిరోజుల్లో నాకూ కుదరడం లేదు, సెలవు దొరికిన రోజు వెళ్తున్నాను.

రాత్రికి నేను నమ్ముకున్నది కర్రీ పాయింట్. గదిలో చిన్న రైస్ కుక్కర్ పెట్టుకుని, పప్పో పులుసో ఒకటి, వేపుడు ఒకటి కట్టించుకొస్తే ఇద్దరికి సరిపోతుంది. ఏడున్నర లోపు వెళ్లాలి. ఆ తర్వాత దొండకాయ వేపుడు అయిపోయి, ఎవరికీ అక్కర్లేని కూరలు మిగులుతాయి. సాంబారు అడక్కపోయినా ఒక పొట్లం పడేస్తారు. కుక్కర్ వాడనిస్తారా లేదా అన్నది గది తీసుకునే ముందే తేల్చుకోవాలి, చాలా హాస్టళ్లలో ఒప్పుకోరు.

ఇక హాస్టళ్లు. 2020 తర్వాత నాకు వాటి మీద మనసు విరిగింది, కాబట్టి ఈ ముక్క కొంచెం తగ్గించుకుని చదవండి. ఎస్‌ఆర్ నగర్, బల్కంపేట సందుల్లో గేటు గేటుకీ బోర్డు ఉంటుంది. ఫొటోలూ, వైఫై, హాట్ వాటర్ మాటలూ వదిలేయండి. సాయంత్రం ఎనిమిదికి వెళ్లి, అక్కడ తింటున్నవాళ్ల పళ్లెంలోకి చూడండి. ఎండాకాలంలో నీళ్ల ట్యాంకర్ వస్తుందా అని ఓనర్ని కాదు, పై అంతస్తులో ఉండేవాణ్ని అడగండి. అడ్వాన్స్‌లో మెయింటెనెన్స్ పేరుతో ఎంత కోస్తారో కాగితం మీద రాయించుకోండి. నా అడ్వాన్స్ ఇప్పటికీ రాలేదు.

మా చెల్లి లెక్క వేరు. ఆడపిల్లలకు సిటీ బస్సు ఉచితమయ్యాక, అంటే 2023 డిసెంబరు నుంచి, ఆఫీసుకు కాస్త దూరమైనా భోజనంతో కలిపి ఉన్న హాస్టల్ తీసుకోవడమే తనకు మేలైంది. చీకటి పడ్డాక కూర కోసం సందుల్లో తిరగక్కర్లేదు. తను ఉంటున్న చోట వంట బాగుంది కూడా. హాస్టళ్ల గురించి నేను చెప్పినదంతా తను ఒప్పుకోదు, అదీ నిజమే.

కాబట్టి నా మాట ఇది. చదువుకుంటున్నవాళ్లు, పని వెతుక్కుంటున్నవాళ్లు, పగలు అమీర్‌పేట చుట్టుపక్కలే గడిపేవాళ్లు అయితే, భోజనం లేని గది తీసుకుని మధ్యాహ్నం అయిదు రూపాయల పళ్లెం, రాత్రి కర్రీ పాయింట్ పెట్టుకోండి. నెలలో మిగిలేది బాగా తెలుస్తుంది. గచ్చిబౌలి వైపు నైట్ షిఫ్టులు చేసేవాళ్లకు ఇది పనికిరాదు. మా తమ్ముడు జూన్‌లో కోచింగ్‌కు వస్తున్నాడు. వాడికి కారం పడదు, కాబట్టి ఆ సాంబారు వాడికి సరిపోతుందనే అనుకుంటున్నాను. కేంద్రానికి నడిచి వెళ్లే దూరంలో, కుక్కర్‌కు ఒప్పుకునే గది దొరికితేనే అడ్వాన్స్ ఇస్తాను. దొరక్కపోతే చెల్లి చెప్పిన హాస్టల్ ఓనర్‌కే మగపిల్లల బ్రాంచి ఉందట, అది చూస్తాం.